ఒంటరి ఆటా, జట్టు ఆటా: మధ్యరకం ఆటగాడికి ఏది మేలు?

వ్యక్తిగత క్రీడ మేలా, జట్టు క్రీడ మేలా అని అడిగితే చాలామంది వెంటనే స్వభావం సంగతి ఎత్తుతారు. కలుపుగోలు మనిషికి ఫుట్‌బాల్, ముభావంగా ఉండేవారికి ఈత అని పంచేస్తారు. ఈ పంపకం నాకెప్పుడూ నచ్చలేదు. నలుగురిలో నోరు విప్పనివారు గోల్‌పోస్టు ముందు నిలబడి గొంతు చించుకుంటారు. మాటల పోగులు తెల్లవారకముందే లేచి ఒంటరిగా పరుగు తీస్తారు. అసలు తేడా తప్పు దగ్గర తెలుస్తుంది. చేసిన తప్పును ఎవరు మోస్తారు, దాన్ని ఎవరు సరిదిద్దుతారు? ఈ కొలతతో చూస్తే నా మొగ్గు జట్టు ఆటవైపే, కొన్ని షరతులతో.

ముందు వ్యక్తిగత క్రీడ గొప్పతనం ఒప్పుకోవాలి. 2017 ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో పి.వి.సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహార 110 నిమిషాలు పోరాడారు. మూడో గేమ్ 20-20 దాకా వెళ్ళి, చివరికి 22-20తో ఒకుహార గెలిచింది. ఒక్క ర్యాలీలోనే 73 షాట్లు. అలాంటి దశలో షటిల్ గాల్లోకి లేచినప్పుడు ఆటగత్తెకు ఉన్న ప్రపంచం చాలా చిన్నది. స్మాష్ కొట్టాలా, నెట్ దగ్గర డ్రాప్ వేయాలా, వెనక మూలకు పంపాలా? కాళ్ళు ఒకటి చెబుతాయి, బుద్ధి ఇంకొకటి చెబుతుంది. ర్యాలీ నడుస్తున్నంతసేపు కోచ్ పలకకూడదు. పాయింటు పోతే పక్కకు తిరిగి చూడటానికి ఎవరూ ఉండరు. గెలిస్తే అందులో ఎవరికీ వాటా ఉండదు. లెక్క ఇంత శుభ్రంగా తేలే చోటు జీవితంలో అరుదు, అందుకే కొందరు దానికి బానిసలవుతారు.

అయితే ఆ శుభ్రమైన లెక్క శిఖరాన ఉన్నవారికి ఇచ్చినంత సుఖం మధ్యరకం ఆటగాడికి ఇవ్వదు. నాలాంటివారు సింగిల్స్ ఆడితే ఫలితం మొదటి ఐదు పాయింట్లలోనే తెలిసిపోతుంది. మనకంటే బలమైనవారికి విసుగు, మనకంటే బలహీనులు దొరికితే మనకు విసుగు. సరిజోడు దొరకడం అదృష్టం. పరుగు, ఈత, సైక్లింగ్ వంటివాటికి ఈ ఇబ్బంది లేదు. అక్కడ పోటీ గడియారంతో. నాలుగువందల స్థానంలో వచ్చినవారు కూడా పోయిన నెల కంటే నిమిషం తగ్గించి గెలిచినట్టే ఇంటికి వెళ్ళవచ్చు. కాబట్టి వ్యక్తిగత క్రీడలన్నిటినీ ఒకే గాట కట్టకూడదు. మనిషితో తలపడేవి వేరు, గడియారంతో తలపడేవి వేరు. ఒంటరి ఆటే కావాలనుకునే మధ్యరకం వారికి రెండోవే నా సలహా. వయసు పెరిగాక గడియారం కూడా కనికరించదనుకోండి, అది తర్వాతి మాట.

ఇక జట్టు ఆట. దాని అందం చూడాలంటే నా ఉదాహరణ కబడ్డీ. కూతకు వెళ్ళేవారు ఒంటరే. 30 సెకన్లు, ఎదుట ఏడుగురు దాకా మనుషులు. ఇంతకంటే ఒంటరి క్షణం ఏ వ్యక్తిగత క్రీడలోనూ లేదు. పట్టుబడితే ఔటై బయట కూర్చోవాలి. అక్కడే ఈ ఆట గుణం తెలుస్తుంది. మనవాళ్ళు ప్రత్యర్థుల్లో ఒకరిని ఔట్ చేస్తే మనవైపు ఒకరు బతుకుతారు, అదీ ఔటైన వరుసలోనే. బయట కూర్చున్న మనిషి కళ్ళు అప్పుడు ఎలా ఉంటాయో గమనించండి. తన తప్పును ఇంకొకరు తీర్చేదాకా అతని చేతిలో ఏమీ లేదు. లోపలికి వచ్చాక వేసే మొదటి అడుగులో ఆ బాకీ తెలుస్తుంది. తప్పు చేసినవారిని మళ్ళీ బతికించే ఏర్పాటు నిబంధనల్లోనే ఉండటం నాకు గొప్పగా తోస్తుంది. క్రికెట్ బ్యాటింగ్‌లో ఈ దయ లేదు. మొదటి బంతికి ఔటైతే ఆ ఇన్నింగ్స్‌లో ఇక చప్పట్లు కొట్టడమే పని. జట్టు ఆట ఎంచుకునేవారు ఈ తేడా కూడా చూసుకోవాలి.

మధ్యరకం మనిషికి జట్టు ఇచ్చే ఇంకో వరం ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో జపాన్ పురుషుల జట్టు 4×100 మీటర్ల రిలేలో 37.60 సెకన్లతో రజతం గెలిచింది. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరు కూడా 100 మీటర్లను 10 సెకన్ల లోపు పరుగెత్తి ఎరుగరు. వాళ్ళను నిలబెట్టింది బ్యాటన్ మార్పిడి, అంటే ఒకరు పరుగెత్తుతూ తెచ్చిన కర్రను తర్వాతివారి చేతికి అందించడం. బ్యాటన్‌ను కింది నుంచి అందించే పద్ధతిని ఏళ్ళ తరబడి సాధన చేశారు. అందుకునేవారు తమ వెనక నేల మీద పెట్టుకున్న గుర్తును వచ్చేవారు దాటగానే బయలుదేరాలి. ఆ తర్వాత వెనక్కి చూడకూడదు. పిలుపు వినపడగానే చెయ్యి చాచాలి, బ్యాటన్ అందులోకి వచ్చి తీరుతుందని నమ్మాలి. అదే రేసులో మూడో స్థానంలో వచ్చిన అమెరికా జట్టు బ్యాటన్ మార్పిడిలో తప్పు చేసి అనర్హతకు గురైంది. నలుగురి వ్యక్తిగత సమయాలు కూడితే వచ్చే ఫలితం వేరు, చేతులు కలిస్తే వచ్చేది వేరు.

జట్టుకు చీకటి కోణమూ ఉంది. మాక్సిమిలియన్ రింగెల్మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, ఆ ఫలితాలను 1913లో ప్రచురించాడు. మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. ఎనిమిది మంది లాగితే తలా సగానికి దగ్గరగా పడిపోయింది. సమన్వయం లేకేమో అని మొదట అనుకోవచ్చు. 1974లో కొందరు పరిశోధకులు కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇతరులు కూడా లాగుతున్నారని నమ్మించి ఒక్కరి చేతే లాగించారు. అప్పుడూ బలం తగ్గింది. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనే బద్ధకం జట్టులో ఎప్పుడూ ఉంటుంది. ఆదివారం ఫుట్‌బాల్ ఆడిన ఎవరికైనా బంతి పోయాక వెనక్కి పరుగెత్తని ఆ ఒక్క మనిషి తెలుసు.

నింద పంచుకుంటామనే మాట కూడా ప్రతిసారీ నిజం కాదు. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్‌లో ఇటలీ పెనాల్టీల్లో ఓడింది. ఆ జట్టులోని బరేసి, మస్సారో అప్పటికే తమ పెనాల్టీలను గోల్ చేయలేకపోయారు. అయినా లోకానికి గుర్తున్నది బంతిని గోల్ మీదుగా కొట్టిన రాబర్టో బాజియో ఒక్కడే. నాకౌట్ మ్యాచ్‌లలో ఐదు గోల్స్ కొట్టి జట్టును అక్కడిదాకా తెచ్చింది కూడా అతనే. ఒంటరి ఆటలో ఓటమి మనకే దుఃఖం. ఇక్కడ పదిమంది దుఃఖం కూడా మన నెత్తిన పడుతుంది. సున్నిత మనస్కులు పెనాల్టీ కొట్టడానికి ముందుకు రాకపోతే నేను తప్పుపట్టను.

ఆరోగ్యం మాటకొస్తే, కోపెన్‌హేగన్‌లో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనం ఆసక్తికరం. వ్యాయామం చేయనివారితో పోలిస్తే టెన్నిస్ ఆడేవారి ఆయుష్షు 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ వారిది 6.2, ఫుట్‌బాల్ వారిది 4.7, ఈతగాళ్ళది 3.4, జాగింగ్ వారిది 3.2 ఏళ్ళు ఎక్కువని తేలింది. దీన్నిబట్టి ఆటే ఆయుష్షు పోసిందని చెప్పలేం. టెన్నిస్ ఆడగలిగే స్తోమత ఉన్నవారు అసలే ఆరోగ్యంగా ఉండవచ్చు. అయినా ఆ వరుస చూడండి: పైన ఉన్నవి ఎదుట ఇంకో మనిషి ఉండాల్సినవి, కింద ఉన్నవి ఒంటరిగా సాగేవి.

ఇక ఆచరణలో జట్టు ఆట ఓడిపోయే చోటు ఒకటుంది. ఉద్యోగాలు, పిల్లలు, ప్రయాణాలు ఉన్న పెద్దలను ఇరవై రెండు మందిని ఒకే గంటకు ఒకే మైదానానికి చేర్చడం ఆట కంటే పెద్ద సాహసం. బూట్లు వేసుకుని బయటికి పరుగెత్తడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే వయసు వచ్చినవారికి నేను చెప్పేది బ్యాడ్మింటన్ డబుల్స్. నలుగురు చాలు. కుంటుతున్న మోకాలిని భాగస్వామి కాస్త కాస్తారు, కానీ ఇద్దరిలో ఒకరు బద్ధకిస్తే క్షణంలో బయటపడుతుంది, రింగెల్మన్ తాడులోలా దాక్కోవడానికి వీల్లేదు. మధ్యలోకి వచ్చిన షటిల్ ఎవరిదన్న తగాదా మాత్రం తప్పదు. ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతివైపు దెబ్బ) అందేవారే కొట్టాలని ఆట మొదలవకముందే అనుకోండి.