ఇంటింటికీ నీటి మీటర్లు: అయిదేళ్ళు దాటిన తర్వాత

విజయవాడ పటమటలో 20 ఫ్లాట్ల పాత అపార్టుమెంటు మాది. 2019 ఎండాకాలంలో బోరు సరిగా అందక ట్యాంకర్ల ఖర్చు నెలనెలా పెరుగుతూ ఉంటే, దాన్ని అన్ని ఇళ్ళకూ సమానంగా పంచడం న్యాయమా కాదా అని రెండు మూడు సమావేశాల్లో వాదులాడుకుని, చివరకు ఇంటింటికీ మీటర్లు పెట్టించుకున్నాం. అసోసియేషన్ లెక్కలు అప్పటినుంచి నేనే చూస్తున్నాను. ప్రతి నెలా ఒకటో తేదీన టార్చిలైటు పట్టుకుని రీడింగులు రాసుకునేదీ నేనే.

ముందుగా తెలుసుకోవలసింది పైపుల సంగతి. పాత అపార్టుమెంట్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఇంటికి ఒకే పైపు రాదు. ఒక్కొక్క బాత్రూముకు ఒకటి, వంటింటికి ఒకటి విడివిడిగా దిగుతాయి. మా 20 ఇళ్ళకు 60 మీటర్లు పట్టాయి. కాబట్టి ఖర్చును ఫ్లాట్ల సంఖ్యతో కాక పైపుల సంఖ్యతో లెక్కవేసుకోవాలి. మేము తీసుకున్నవి 15 మిల్లీమీటర్ల పైపుకు సరిపోయే మల్టీజెట్ మెకానికల్ మీటర్లు, అంటే నీరు చాలా రంధ్రాల గుండా వచ్చి లోపలి చక్రాన్ని తిప్పే రకం. వీటిని అడ్డంగా, సమతలంగా బిగిస్తేనే సరిగ్గా తిరుగుతాయి. బిగించడానికి వచ్చినవారు జాగా చాలలేదని కొన్నింటిని నిలువు పైపుల మీదే పెట్టి వెళ్ళిపోయారు, తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా రాలేదు. ఆ ఇళ్ళ రీడింగులు మొదటి ఆరు నెలలూ తక్కువగా చూపించాయి. మళ్ళీ మా డబ్బుతో మా ప్లంబరు చేతనే మార్పించాం.

ఇక అసలు విషయానికి వస్తాను. మీటరు వస్తే అందరూ పొదుపుగా వాడతారని మేము అనుకున్నాం. మొదటి రెండు నెలలు అలాగే వాడారు. ఆ తర్వాత ఎవరి అలవాట్లు వారివే అయ్యాయి. అయినా ట్యాంకర్లు తగ్గాయంటే, దానికి ముఖ్య కారణం మా పొదుపు కాదు, లీకులు దొరకడం.

మూడో అంతస్తులో ఒక రిటైర్డు మాస్టారు, ఆయన భార్య ఉంటారు. అయిదుగురున్న ఇంటితో సమానంగా వారి రీడింగు వచ్చింది. బిల్లు చూసి మాస్టారు చాలా నొచ్చుకున్నారు. "ఉన్నది ఇద్దరమే కదండీ, ఓ పంచె, ఓ చీర ఉతుక్కుంటాం. ఇన్ని నీళ్ళు ఎక్కడ పోస్తామండీ?" అన్నారు. ఆ రాత్రి 11 గంటలకు కుళాయిలన్నీ కట్టేయించి మీటరు దగ్గరకు వెళ్ళి చూశాను. డయల్ మధ్యలో నక్షత్రం ఆకారంలో ఒక చిన్న చక్రం ఉంటుంది. ఇంట్లో ఒక్క కుళాయి కూడా తెరిచి లేదు, అది మాత్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. తెల్లవారి 5 గంటలకు మళ్ళీ చూస్తే 180 లీటర్లు పోయాయి. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, చెంచాడు పసుపు కలిపి, అరగంట సేపు ఫ్లష్ నొక్కవద్దని చెప్పాను. ఎవరూ నొక్కకుండానే కమోడ్ లోపలి గోడ వెంట పచ్చని చార దిగింది. లోపలి రబ్బరు వాషరు అరిగిపోయి ఉంది. అది మార్చిన తర్వాతి నెలలో వారి రీడింగు మా అపార్టుమెంటులో అన్నింటికంటే తక్కువగా వచ్చింది. మాస్టారు ఆ కాగితం అడిగి తీసుకుని దాచుకున్నారు.

అయితే ఈ మీటరుకు ఒక పెద్ద లోపం ఉంది, కొనేవారు దాన్ని తప్పక తెలుసుకోవాలి. మీటర్లు ఎంత సన్నని ప్రవాహాన్ని కొలవగలవో బట్టి వాటిని తరగతులుగా విభజిస్తారు. క్లాస్ బి రకం 15 మిల్లీమీటర్ల మీటరు గంటకు 30 లీటర్ల కంటే తక్కువ ప్రవాహాన్ని కచ్చితంగా కొలుస్తుందన్న హామీ లేదు. నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల చొప్పున కారితే గంటకు 12 లీటర్లే, చక్రం కదలకపోవచ్చు కూడా. కానీ రోజుకు అది 288 లీటర్లు. మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణం. అంటే ఇద్దరు మనుషుల నీరు మీటరు కంట పడకుండానే డ్రైనేజీలో కలుస్తుంది. అందుకని ట్యాంకు నుంచి దిగే పెద్ద పైపుకు ఒక మీటరు పెట్టి, దాని లెక్కను 60 మీటర్ల మొత్తంతో పోల్చి చూస్తున్నాం. తేడా పెరిగిన నెలలో అన్ని ఇళ్ళలోనూ పసుపు పరీక్ష చేయిస్తున్నాం.

బోరు నీటి సున్నం పేరుకుని ఇప్పటికి కొన్ని మీటర్లు పట్టేశాయి. లోపలి జల్లెడను ఏడాదికోసారి విప్పి కడగాలి. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండేటప్పుడు పైపుల్లోని గాలి కూడా చక్రాన్ని తిప్పుతుంది. పై అంతస్తులో షవరు జోరు కొంత తగ్గింది. ట్యాంకుకు దగ్గరగా ఉండే ఇళ్ళకు ఒత్తిడి ముందే తక్కువ కాబట్టి ఇది తప్పదు.

ధర నిర్ణయించడంలో మేమొక తప్పు చేశాం. మొదట ఇంటికి ఇన్ని లీటర్లు దాటితే రెట్టింపు అని పెట్టాం. ఏడుగురున్న ఉమ్మడి కుటుంబం ప్రతి నెలా జరిమానా కట్టింది, ఒక్కరే ఉన్న ఇంట్లో ఎంత పారబోసినా పరిమితి దాటలేదు. ఇది అన్యాయమని ఆ ఉమ్మడి కుటుంబం పెద్దావిడ సమావేశంలో గట్టిగా అడిగిన తర్వాతే, మనిషికి 135 లీటర్ల చొప్పున లెక్క మార్చాం. మొదటే మార్చి ఉండవలసింది.

పక్కనే కృష్ణమ్మ ఉండగా మనకీ లెక్కలెందుకని ఇప్పటికీ కొందరు అంటారు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దగ్గరి నీటి కోసం కాలువల కింద లక్షల ఎకరాలు ఎదురుచూస్తాయి. నదిలో నీటిని తోడి, శుద్ధిచేసి, ఊరంతా పంపాక, మా సంపు నుంచి పైట్యాంకుకు మళ్ళీ మోటారు వేసి ఎక్కించాలి. ప్రతి మెట్టులోనూ కరెంటు ఖర్చు ఉంది, కారిపోయిన ప్రతి బిందెకూ ఆ ఖర్చంతా పెట్టే ఉన్నాం. 2024 సెప్టెంబరు వరదల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. అదే రోజుల్లో బుడమేరు వాగు మునకలో చిక్కుకున్న సింగ్ నగర్‌లో మా చెల్లెలి కుటుంబం నడుములోతు నీళ్ళ మధ్య ఉండి, తాగడానికి ఒక్క టిన్ను కోసం పడవ దారి చూసింది. అప్పటినుంచి నదిని చూపించి ధీమాగా మాట్లాడేవారితో నేను ఊరుకోలేకపోతున్నాను.

ఈ నెలలో పట్టేసిన మీటర్లను మార్చాలి. కదిలే భాగాలు లేకుండా శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్లు సన్నని ధారను కూడా పట్టుకుంటాయి, సున్నానికి పట్టేసే చక్రం వాటిలో ఉండదు. కానీ ధర బాగా ఎక్కువ, బ్యాటరీ అయిపోతే చూసే మనిషి కావాలి. అందుకని ట్యాంకు కింది పెద్ద పైపుకు మాత్రం అల్ట్రాసోనిక్, ఇళ్ళకు పాతరకం మల్టీజెట్ తీసుకుందామని నేను ప్రతిపాదించాను. మాస్టారు దానికి ఒకటి చేర్చారు: ప్రతి ఇంటికీ ఒక ఫ్లష్ వాషరు కూడా అసోసియేషన్ డబ్బుతో కొని ఉంచాలని. రెండింటికీ అందరూ ఒప్పుకున్నారు.