ఎలుగుబంటికి 16 పాయింట్లు: మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్‌లో జంతుమానవులు

మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, డైస్ వేస్తూ, మనమే సూపర్‌హీరోలుగా కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆట. దాని పుస్తకం తెరిచి రేస్‌ల (అంటే జాతుల) చాప్టర్ ఎక్కడుందని వెతక్కండి. లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఫాంటసీ ఆట ఆడి వచ్చినవాళ్ళు ఇక్కడే తడబడతారు. అందులో ఎల్ఫ్ అనో డ్రాగన్‌బార్న్ అనో ఒక జాతి పేరు ఎంచుకుంటే దానికి రావాల్సినవన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. ఇందులో పిల్లిమనిషి కావాలంటే చూపుకి ఇంత, గోళ్ళకి ఇంత, దూకడానికి ఇంత అని పాయింట్లు లెక్కేసుకుని మనమే కట్టుకోవాలి.

గ్రీన్ రోనిన్ సంస్థ ఈ ఆటని 2002లో తెచ్చింది. డిజైన్ స్టీవ్ కెన్సన్‌ది. నేను రాస్తున్నది 2011లో వచ్చిన మూడో ఎడిషన్ గురించి. మా బ్యాచ్ హైదరాబాద్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఫ్లాట్‌లో ఆడేది. ఒకడు డల్లాస్, ఇంకొకామె బెంగళూరు వెళ్ళిపోయాక ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే డిస్కార్డ్‌కి మారాం. గేమ్‌మాస్టర్, అంటే కథ నడిపే మనిషి, కుర్చీ చాలావరకు నాదే. మా వాళ్ళకి ఎందుకో జంతువుల పిచ్చి. ఎగిరే అంగీవాళ్ళు, లేజర్ కళ్ళవాళ్ళు మా టేబుల్ మీద తక్కువ. తోకలూ రెక్కలూ ఎక్కువ.

ఒక ఎలుగుబంటిని ఎలా కడతారో చూడండి. మామూలు హీరోకి పవర్ లెవెల్ (బలానికి పై హద్దు) 10, చేతిలో 150 పాయింట్లు. భారీ శరీరం కోసం గ్రోత్ అనే శక్తిని 4 ర్యాంకులు (మెట్లు) తీసుకుని, అది ఎప్పుడూ అలాగే ఉండేలా, పుట్టుకతో వచ్చిందిగా రాస్తే 9 పాయింట్లు. బలం 4, దేహదారుఢ్యం 4 పెరుగుతాయి. ఇవే విడిగా కొంటే 16 అయ్యేవి, కాబట్టి బేరం బాగానే ఉంది. గోళ్ళకి 2. మసక వెలుతురులో చూపు, వాసన పట్టడం, ఆ వాసన వెంట జాడ తీయడం కలిపి 3. మందపాటి తోలుకి 2. మొత్తం 16. ఎలుగుతనం అంతా అయిపోయాక ఇంకా 134 మిగిలాయి. వాటితో ఆ ఎలుగుని లాయర్ చేస్తారో, మెరుపులు విసిరేవాడిని చేస్తారో మీ ఇష్టం.

ఈ స్వేచ్ఛ మొదట్లో మహా బాగుంటుంది. కొన్ని నెలలు ఆడాక అసలు లోటు కనబడుతుంది. ఈ ఆటలో హిట్ పాయింట్లు, అంటే దెబ్బకి దెబ్బకి తరిగే ప్రాణం లెక్క, లేవు. దెబ్బ తగిలితే దాని ర్యాంకుకి 15 కలిపి, వచ్చిన అంకెని డి20 (20 ముఖాల డైస్)తో టఫ్‌నెస్ (దెబ్బ తట్టుకునే శక్తి) చెక్‌లో అందుకోవాలి. గురి, దెబ్బ ర్యాంకు రెండూ కలిపి పవర్ లెవెల్‌కి రెట్టింపు దాటకూడదు. డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం), టఫ్‌నెస్‌లకీ అదే హద్దు. దాంతో మా ఎలుగు గురి 8, దెబ్బ 12 దగ్గర ఆగితే, వాడి జట్టులోనే ఉన్న ఉడతమనిషి గురి 12, దెబ్బ 8 దగ్గర నిలిచింది. టేబుల్ మీద ఇద్దరూ సమానం. ఎవరికీ అన్యాయం జరగలేదు, నిజమే. కానీ ఉడత కొరికితే ఇనప తలుపు ఊడొస్తుంటే అది ఉడత ఎలా అవుతుంది? గ్రోత్ వల్ల ఎలుగుకి డాడ్జ్ 2 తగ్గాలి, అంటే పెద్ద శరీరం మెల్లగా కదలాలన్న మాట. ఆటగాడు ఇంకో 2 పాయింట్లు పెట్టి దాన్ని తిరిగి కొనేసుకుంటాడు. అక్కడితో ఆ బరువు కాగితం మీద కూడా మిగలదు. చివరికి అందరూ బొచ్చు కప్పుకున్న మనుషులే.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది మధ్యలో పల్లాడియం అనే సంస్థ వాళ్ళ టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ అండ్ అదర్ స్ట్రేంజ్‌నెస్ ఆడినప్పుడు. 1985 నాటి ఆట, రాసింది ఎరిక్ వూజిక్. లైసెన్స్ పోయి చాలా ఏళ్ళు మూలపడి, 2023లో జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్‌తో మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. ఇందులో లెక్క తిరగబడుతుంది. మొదలే జంతువు. ఆ జంతువుకి ఇన్ని అని బయో-ఇ పాయింట్లు ఉంటాయి. వాటితో మనిషితనాన్ని కొనుక్కోవాలి. మామూలుగా మనిషి చేతులకి 10, సగం చేతులకి 5, ఏమీ కొనకపోతే పంజాలే. మాటకీ అంతే, రెండు కాళ్ళ మీద నిలబడటానికీ అంతే. శరీరం సైజు పెంచాలన్నా ఖర్చే. కోరలూ, ముక్కూ కూడా ఆ సంచీలోంచే. కోరలు కావాలా, తలుపు గడియ తీయగల వేళ్ళు కావాలా అన్నది నిజమైన ప్రశ్న అయి కూర్చుంటుంది.

బెంగళూరు అమ్మాయి ఊరకుక్కని తీసుకుంది. ముక్కుకీ పళ్ళకీ పోయాక మాటకి 5 మాత్రమే మిగిలాయి, అంటే సగం మాట. అప్పటినుంచి ఆ పాత్ర ఎప్పుడూ మూడు ముక్కల్లోనే మాట్లాడింది. గోడౌన్ బయట అందరం ప్లాన్ మీద ప్లాన్ వేస్తుంటే తను మైక్ ఆన్ చేసి, "తలుపు. వెనక. ఇద్దరు," అంది. విలన్ వచ్చి రాజీకి నవ్వుతూ చెయ్యి చాపితే, "వీడు. భయం. కంపు." డల్లాస్ వాడు నవ్వు ఆపుకోలేక, "రేయ్, మన నలుగురం అరగంట మాట్లాడింది వీడు ఆరు ముక్కల్లో తేల్చేశాడురా," అన్నాడు. మేం ఆడినవాటిలో అంత బతికున్న పాత్ర ఇంకోటి లేదు. దాన్ని పుట్టించింది ఆ అమ్మాయి తెలివి ఎంతో, పాయింట్లు చాలకపోవడమూ అంతే.

అలాగని పల్లాడియం ఆటకి మారిపోండని చెప్పను. జంతువు తయారీ అయ్యాక మిగిలిన రూల్స్ పాత ఇంటి కరెంటు వైరింగ్‌లా ఉంటాయి, ఏ స్విచ్ దేనికో పెట్టినవాడికే తెలియాలి. నైపుణ్యాలకి శాతాలు, పోట్లాటకి వేరే లెక్కలు, రకరకాల డైస్. మ్యూటెంట్స్‌లో ఒక్క డి20 ఉంటే చాలు. కాబట్టి మేం వెనక్కి వచ్చేశాం, ఒక్క అలవాటు మాత్రం తెచ్చుకున్నాం. పాయింట్లు ముట్టుకునే ముందే ప్రతి జంతుమానవుడికీ చేతులు, మాట, నడక పూర్తిగా ఉన్నాయా, సగమా, లేవా అని రాయిస్తాను. సగం అన్నది కాంప్లికేషన్ అవుతుంది.

కాంప్లికేషన్ అంటే హీరోని ఇబ్బంది పెట్టే విషయం. అది కథలో అడ్డం పడ్డప్పుడల్లా ఆటగాడికి హీరో పాయింట్ ఇవ్వాలి. డైస్‌ని మళ్ళీ వేయడానికి అది బంగారం, పడ్డది 10 లోపయితే దానికి ఇంకో 10 కలుస్తుంది. జంతుమానవులకి అందరూ ముందుగా రాసేది ప్రెజుడిస్, అంటే జనం భయపడటం, అసహ్యించుకోవడం. కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. తర్వాత ప్రతి వారం ఎవరో ఒకరు ఎలుగుని చూసి కేకలేయడం, ఆటగాడు జీతం అడిగినట్టు పాయింట్ అడగడం. శరీరానికి సంబంధించిన ఇబ్బందులు ఇంతకంటే ఎంతో నయం. మేం ఆటని హైదరాబాద్‌లోనే నడిపినప్పుడు ఎలుగు రేషన్ షాప్‌లో వేలిముద్ర వేయాల్సి వచ్చింది. పంజా పెడితే మెషిన్ తీసుకోదు. ఐరిస్ పెడదామంటే కుర్చీ సరిపోక కిందికి వంగి, కౌంటర్ విరగ్గొట్టాడు. వెనక క్యూలో ఉన్న ముసలావిడ, "నాయనా, నా బియ్యం తీసుకున్నాక విరగ్గొట్టకూడదా?" అంది. ఆమెకి వాడంటే భయమూ లేదు, అసహ్యమూ లేదు. ఆ సీన్‌కి రెండు హీరో పాయింట్లు ఇచ్చాను.

ఆ ఎలుగు ఆటగాడిది ఇంకో గొడవ ఉండేది. తన పాత్ర జాంబవంతుడి వంశం అన్నాడు. పుస్తకంలో శక్తి ఎక్కడిదన్నదానికి డిస్క్రిప్టర్ అనే చిన్న వివరణ రాసుకుంటే సరిపోతుంది, కాబట్టి రూల్స్ అడ్డు రాలేదు. ఉదాహరణలు, వాతావరణం మాత్రం అమెరికన్ కామిక్స్‌వి. వాటిలో ఎక్కువగా కనబడే జంతుమానవుడు ల్యాబ్ ప్రమాదంలో పుట్టిన ఒంటరివాడు. మనం వినాయక చవితి నాడు వినే శమంతకమణి కథలో జాంబవంతుడికి గుహ ఉంది, కూతురు ఉంది, కృష్ణుడితో 28 రోజులు పోరాడాక మర్యాదగా అల్లుడిని చేసుకోవడమూ ఉంది. ఆయన ఎలుగు అని కథలో ఎవరూ ముక్కున వేలేసుకోరు. అలాంటి జాతి, సమాజం అమెరికన్ కామిక్స్‌లో లేకపోలేదు. డీసీ కామిక్స్ వాళ్ళ గొరిల్లా సిటీ, అంటే తెలివైన గొరిల్లాల నగరం, 1959 నుంచీ ఉంది, ఇవే రూల్స్‌తో 2010లో డీసీ అడ్వెంచర్స్ అనే ఆట కూడా వచ్చింది. కానీ మన ఎలుగుల రాజ్యం కావాలంటే దాన్ని గేమ్‌మాస్టరే రాసుకోవాలి. నేను రాశాను. సగం శ్రమ అక్కడే పోయింది.

పక్షులకి ఈ ఆట బాగా నప్పుతుంది. ఫ్లైట్ మామూలుగా ర్యాంకుకి 2 పాయింట్లు, రెక్కలతోనే ఎగరాలి అని రాస్తే 1. 5 పాయింట్లకి గంటకి 60 మైళ్ళ వేగం దొరుకుతుంది. బదులుగా వల వేసినా, రెక్కలు కట్టేసినా కింద పడాల్సిందే. లిఫ్ట్ షాఫ్ట్‌లో, ఇరుకు సందుల్లో పోరాటం పెడితే మా గద్దకి చెమటలు పట్టేవి. ఇలా ధర తగ్గి, దానికి తగ్గ లోటు వెంట వచ్చే పద్ధతి మిగిలిన జంతువులకీ ఉంటే ఈ సమీక్ష ఇంత పొడుగు అయ్యేది కాదు. పురుగులు, మరీ చిన్న జంతువులు మాత్రం పెద్దగా పండవు, ఉడత దగ్గర చెప్పిన కారణమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రూల్స్‌ని ముందు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. నచ్చితే హీరోస్ హ్యాండ్‌బుక్ ఒక్కటి కొంటే చాలు. లెక్కలకి ఎక్సెల్ షీట్ పెట్టుకోండి, చేత్తో కూడితే మొదటి ఆదివారం కూడికలకే పోతుంది. జంతుమానవుల జట్టయితే 10 వద్దు, పవర్ లెవెల్ 8, 120 పాయింట్లతో మొదలుపెట్టండి. పాయింట్లు కాస్త బిగుతుగా ఉంటేనే చేతులా, కోరలా అన్న బేరం మళ్ళీ వస్తుంది. ఉడత టఫ్‌నెస్‌ని 6 దాటనివ్వకండి, ఎంత బతిమాలినా.