సెకండ్ హ్యాండ్ పారామోటార్ కొంటున్నారా? డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి

మహబూబ్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్, నల్గొండ వైపు నుంచి పారామోటార్ కొనాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మా తమ్ముడి చేతిని నుజ్జు చేసిన సెట్టునే శుభ్రంగా తుడిచి, కొత్త స్టిక్కర్లు అంటించి మళ్లీ అమ్మకానికి పెట్టారని పోయిన వారం తెలిసింది. అమ్ముతున్నది అదే మనిషి. చెబుతున్నదీ అవే మాటలు. అతని పేరు, ఊరు ఇక్కడ రాయను. వస్తువును మీరే గుర్తుపట్టేలా చెబుతాను.

తెలియనివారికి రెండు మాటలు. పారామోటార్ అంటే వీపుకు తగిలించుకునే పెట్రోలు ఇంజిన్, దాని వెనక నాలుగడుగుల ప్రొపెల్లర్, దాని చుట్టూ వల అల్లిన గుండ్రటి చట్రం. తలపైన దారాలతో మనిషికి కలిపిన గుడ్డ రెక్క. కొండ ఎక్కనక్కర్లేదు, చదునైన పొలంలో పది ఇరవై అంగలు పరుగెత్తితే గాలిలోకి లేస్తారు. 2021లో మహబూబ్‌నగర్‌లో పారామోటార్ పోటీలు జరిగినప్పుడు మా ఇంటిమీదుగా రంగురంగుల రెక్కలు వెళ్తుంటే మా తమ్ముడు మిద్దె దిగలేదు. వాడికి ఆ పిచ్చి అప్పుడే పట్టింది. నాలుగేళ్లు డబ్బు కూడబెట్టాడు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి వాడినది వెతికాం. మూడు లక్షల ఇరవై వేలకు ఇంజిన్, రెక్క, రిజర్వ్ పారాచూట్, హెల్మెట్, "నాలుగు రోజుల శిక్షణ" అన్నీ కలిపి దొరికాయి.

బేరం కుదిరేలా చేసింది ఒక్క మాట. "అన్నా, ఇది విమానం కాదు. ఇంజిన్ ఆగినా గొడుగులా మెల్లగా దిగుతారు. దీనికంటే బైకు ప్రమాదం" అన్నాడు అమ్మినవాడు. మా అమ్మ ఆ మాట విన్నాకే ఒప్పుకుంది. అందులో అబద్ధం లేదు. ఇంజిన్ ఆగిపోయినా రెక్క తేలుతూనే ఉంటుంది. అతను చెప్పనిది ఇంకొకటి ఉంది. ఈ యంత్రం మనిషిని దెబ్బతీసేది ఎక్కువగా ఇంజిన్ ఆగినప్పుడు కాదు, నడుస్తున్నప్పుడు. అదీ చాలాసార్లు కాళ్లు నేలమీద ఉండగానే.

గత నవంబరులో దేవరకద్ర దాటాక మా మేనమామ వాళ్ల బీడు పొలంలో జరిగింది. తెల్లవారి ఆరున్నర, గాలి లేదు. ఆ రోజు ఎగరాలన్న ఆలోచనే లేదు. ఇంజిన్ వేడి చేసి చూద్దామనుకున్నాం, అంతే. శిక్షణలో చెప్పినట్టే దాన్ని నేలమీద నిలబెట్టి, తమ్ముడు ఎడమచేత్తో చట్రం పైభాగం పట్టుకుని, కుడిచేత్తో తాడు లాగాడు. రెండుసార్లు అంటుకోలేదు. మూడోసారి అంటుకుంది. అంటుకోవడమే పూర్తి వేగంతో అంటుకుంది. థ్రాటిల్ అంటే ఇంజిన్ వేగం పెంచే, తగ్గించే చేతి మీట. దాని తీగ లోపల తుప్పు పట్టి, మీట వదిలినా వెనక్కి రాకుండా ఇరుక్కుపోయి ఉందని మాకు తెలియదు. యంత్రం ముందుకు దూకింది. పడిపోకుండా ఆపాలని వాడు రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి వల సందులోంచి లోపలికి వెళ్లింది.

నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. థ్రాటిల్ అందుకుని దాని మీది ఎర్ర మీట నొక్కాను. ఇంజిన్ ఆగలేదు. మళ్లీ నొక్కాను, ఆగలేదు. యంత్రం పక్కకు ఒరిగి, ప్రొపెల్లర్ నేలకు తగిలి ముక్కలయ్యాకే ఆగింది. తర్వాత చూస్తే ఆ మీట నుంచి వెళ్లే తీగ లోపల తెగి ఉంది. తెగినచోట అతికించకుండా పైన నల్ల టేపు చుట్టారు. ఇంజిన్‌ను ఆపే ఏకైక మీట అది.

కుడిచేతి మధ్యవేలు మొదలంటా తెగింది, ఉంగరపు వేలు సగానికి తెగింది. అక్కడ మేం ఇంకో పొరపాటు చేశాం. దాన్ని దాచిపెట్టను, మీకు పనికొస్తుంది కాబట్టి. తెగిన ముక్కలను తీసి నేరుగా ఐసు డబ్బాలో వేశాం. అలా వెయ్యకూడదట. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలట. ఐసు నేరుగా తగిలితే కండ పాడవుతుంది. మహబూబ్‌నగర్‌లో కట్టు కట్టించి, అక్కడినుంచి వంద కిలోమీటర్లు హైదరాబాద్ తీసుకెళ్లాం. నలిగిపోయిన తీరు వల్ల ఎలాగూ అతకడం కష్టమేనని డాక్టర్లు అన్నారు. అయినా ఆ ఐసు డబ్బా నాకు ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది.

ఇది మాకు మాత్రమే జరిగిన అరుదైన సంగతి అనుకుంటారేమో. అమెరికాలోని పారామోటార్ సంఘానికి అందిన 384 ప్రమాద నివేదికలను పరిశీలించి 2014లో ఒక వైద్య పత్రికలో అధ్యయనం వేశారు. అందులో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నవి కాళ్లు కాదు, నడుము కాదు, చేతులు. ఇంజిన్ లేని పారాగ్లైడింగ్‌లో దిగేటప్పుడు కాళ్లు, వెన్ను దెబ్బతింటాయి. ఇక్కడ ప్రొపెల్లర్ చేతుల లెక్క పెంచుతోంది. నాలుగు రోజుల శిక్షణలో ఈ మాట మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇంజిన్‌ను వీపున తగిలించుకున్నాకే స్టార్టు చెయ్యాలి. నేలమీద చెయ్యాల్సి వస్తే గట్టి గుంజకు కట్టెయ్యాలి. ప్రతిసారీ అది పూర్తి వేగంతో లేస్తుందన్న లెక్కతోనే నిలబడాలి. యాభై అరవై కిలోల బలంతో ముందుకు తోసే దాన్ని ఒంటిచేత్తో ఎవరు ఆపగలరు? క్లచ్ ఉన్న ఇంజిన్లలో నిదానంగా నడుస్తున్నంతసేపు ప్రొపెల్లర్ తిరగదు. మాకు అమ్మినదానికి క్లచ్ లేదు, అంటుకోగానే తిరుగుతుంది. అలాంటి తేడా ఒకటి ఉందన్న సంగతే మాకు తెలియదు.

ఇరవై రోజుల తర్వాత, ఏళ్ల తరబడి ఎగురుతున్న ఒక పెద్దాయన హైదరాబాద్ నుంచి వచ్చి సెట్టు మొత్తం విప్పి చూశారు. నేలమీద దుప్పటి పరిచి ఒక్కొక్కటీ తీస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. ముందు రిజర్వ్ పారాచూట్ తీశారు. పైన ఏం జరిగినా చివరి దిక్కు అదే. దాన్ని ఏడాదికోసారైనా విప్పి, ఆరబెట్టి, మళ్లీ మడవాలి. మా దానిలో దారాలను పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు కరిగి బంకలా గుడ్డకు అంటుకుపోయాయి. ఆయన రెండు చేతులతో లాగితే చిరుగుతున్న చప్పుడుతో ఊడాయి. "ఇది విసిరితే మూటలాగే కింద పడుతుంది బాబూ" అన్నారు. మా తమ్ముడు కట్టు కట్టిన చేత్తో ఆ బ్యాండ్లను తాకి చూశాడు. ఏమీ మాట్లాడలేదు.

తర్వాత రెక్క. ఎండకు రెక్క గుడ్డ పైపూత పోతుంది. పూత పోతే గుడ్డలోంచి గాలి కారుతుంది. గుడ్డమీద చిన్న పరికరం పెట్టి, కొంత గాలి దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలుస్తారు. కొత్త గుడ్డకు చాలాసేపు పడుతుంది. మా దానికి ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టేలోపే అయిపోయింది. దారాల సంగతి ఇంకా చిత్రం. ముందు వరస దారాలు బరువు మోసి మోసి సాగుతాయి, వెనక వరసవి తడికి, వాడకానికి కుంచించుకుపోతాయి. అప్పుడు రెక్క తలమీదికి పూర్తిగా రాకుండా వెనక్కి వాలి వేలాడుతుంది. అలాంటి రెక్క గాలిలో ముందుకు సాగడం మానేసి నిట్టనిలువునా దిగిపోవచ్చు. శిక్షణలో మా తమ్ముడు రెక్క లేపలేకపోయిన ప్రతిసారీ "నీ పరుగులో బలం లేదు" అని తిట్టారు. లోపం వాడి పరుగులో లేదు. వాడు మూడు రోజులు ఆ మాట మనసులో పెట్టుకుని తెల్లవారుజామున స్టేడియంలో పరుగెత్తేవాడు. అమ్మినవాడి మీద నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది ఇక్కడే.

చట్రం వలలో సగం దారాలు తెగితే మామూలు నైలాను తాడుతో ముళ్లు వేశారు. సందులు అరచెయ్యి పట్టేంత ఉన్నాయి. ప్రొపెల్లర్ అంచు అంతకుముందే ఒకసారి విరిగితే జిగురుతో అతికించి రంగు వేశారు. అరవై గంటలు వాడామన్నారు కానీ ఇంజిన్‌కు గంటల మీటరే లేదు.

ఇక "ఇంజిన్ ఆగినా ఏమీ కాదు" అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తాను, మీకూ అదే చెబుతారు కాబట్టి. మెల్లగా దిగుతారు సరే, దేనిమీద దిగుతారు? మన పొలాలు ఒకసారి చూడండి. ప్రతి బోరుకూ కరెంటు తీగ, ప్రతి నాలుగు చెక్కలకూ ట్రాన్స్‌ఫార్మర్. పైనుంచి చూస్తే స్తంభం కనిపిస్తుంది కానీ తీగ కనిపించదని ఎగిరేవాళ్లంతా చెబుతారు. స్తంభం కనబడితే తీగ ఉన్నట్టే అనుకోవాలి. తీగలు తప్పించుకుంటే చెరువులు. కోయిల్‌సాగర్, జూరాల కిందంతా నీళ్లే. పాతిక కిలోల ఇంజిన్ వీపున కట్టుకుని, దారాలు కాళ్లకు చుట్టుకుని నీళ్లలో పడితే ఈత వచ్చినా లాభం ఉండదు. 2020 అక్టోబరులో కర్ణాటకలోని కార్వార్ తీరంలో పారామోటార్ సముద్రంలో పడి ఒక నౌకాదళ అధికారి చనిపోయారు. సముద్రంలో బతుకు గడిపే మనిషికే అలా జరిగింది. నీళ్లకు దగ్గరగా ఎగిరేవాళ్లు నీళ్లు తగలగానే ఉబ్బే తేలుడు సంచీ కట్టుకుంటారు. మీ సెట్టులో అది ఉందా అని అడగండి.

అనుభవం ఉంటే చాలనుకోవడం కూడా తప్పే. 2012లో దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తునుంచి దూకి క్షేమంగా దిగిన ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ 2025 జులైలో ఇటలీలో పారామోటార్ ప్రమాదంలోనే చనిపోయారు.

మన ఎండలు వేరే ఆపద. వేసవిలో పదింటికే నేల కాగి, వేడిగాలి స్తంభాల్లా పైకి లేస్తుంది. పొలాల్లో సుడిగాలి దుమ్ము ఎత్తుకుపోవడం మనం రోజూ చూసేదే, ఆ సుడి రెక్కకు తగిలితే ఒక పక్క ముడుచుకుపోతుంది. గుట్టల అవతలి పక్క గాలి సుడులు తిరుగుతుంది, మన రాతి గుట్టల దగ్గర ఇది మరీ ఎక్కువ. వేడికి గాలి పలచబడి ఇంజిన్ తోపు తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు తెల్లవారాక గంటా రెండు గంటలు, పొద్దుగూకే ముందు గంట, అంతే ఎగురుతారు. మిట్టమధ్యాహ్నం "టెస్ట్ ఫ్లైటు చూపిస్తా రండి" అని పిలిచేవాడి దగ్గర ఏమీ కొనవద్దు.

కొనేవాళ్లు ఒక్క పని చెయ్యండి. బయానా ఇవ్వకముందే, అమ్మేవాడికి సంబంధం లేని ఒక పైలట్‌ను వెంట తీసుకెళ్లండి. ఆయన ప్రయాణ ఖర్చులు మీరే భరించండి, నాలుగు వేలు పోయినా ఫరవాలేదు. రెక్క గాలి పరీక్ష, దారాల పరీక్ష చేయించిన కాగితం తేదీతో సహా అడగండి. రిజర్వ్ చివరిసారి ఎప్పుడు మడిచారో అడగండి, జవాబు తడబడితే లేచి వచ్చెయ్యండి. రెక్కకు రాసి ఉన్న బరువు పరిమితి చూడండి. మీ బరువు, ఇంజిన్, పెట్రోలు అన్నీ కలిపిన లెక్క దానిలో పడాలి. మా తమ్ముడు ఆ పరిమితికి పదకొండు కిలోలు ఎక్కువ ఉన్నాడట. ఇంజిన్‌ను మీ ముందే స్టార్టు చేయించి, మూడుసార్లు ఎర్ర మీటతోనే ఆపించండి. కాళ్ల పట్టీల బకిళ్లు చేత్తో లాగి చూడండి.

నాలుగు రోజుల శిక్షణను శిక్షణ అనుకోవద్దు. ఇంజిన్ లేకుండా నేలమీద రెక్కను ఆడించడమే వారాల పని. అనుమతుల విషయంలోనూ అమ్మేవాడి నోటిమాట నమ్మవద్దు. మీ పోలీసు అధికారుల దగ్గర, పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ నిబంధనల్లో మీరే చూసుకోండి. బీమా పాలసీలో సాహస క్రీడల మినహాయింపు ఉందో లేదో చదవండి. మేం చదవలేదు, ఆసుపత్రి ఖర్చు మొత్తం చేతినుంచే పెట్టాం.

అమ్మినవాడు మొదట "మీరే తప్పుగా పట్టుకున్నారు" అన్నాడు. పెద్దమనుషులను కూర్చోబెట్టాక సెట్టు తిరిగి తీసుకుని లక్షా నలభై వేలు ఇచ్చాడు. దాన్ని విరగ్గొట్టి పాత ఇనుముకు వెయ్యకుండా వాడికే తిరిగి ఇచ్చినందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

గుర్తులు ఇవీ. ఎరుపు, తెలుపు రెక్క, ఎడమ అంచు దగ్గర బెత్తెడు మాసిక. చట్రం కింద ఎడమవైపు వంగిన గొట్టానికి వెల్డింగ్ చేసి వెండి రంగు పూశారు. ప్రొపెల్లర్ కొత్తదే ఉంటుంది, పాతది మా పొలంలోనే విరిగింది కాబట్టి. థ్రాటిల్ పిడికి రెండంగుళాల కింద తీగకు నల్ల టేపు ఉంటే, అమ్మేవాడి ఎదురుగానే ఆ టేపు విప్పి చూడండి.