రాగి బిస్కెట్లా, రాగి పిండా?

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో "రాగి" అని కనపడగానే బుట్టలో వేసేయకండి, ఒకసారి వెనక్కి తిప్పి అందులో ఏమేం వేశారో చూడండి. ఏది ఎక్కువ బరువుంటే దాన్నే ముందు రాయాలని మన దేశంలో రూలు. మొన్న నేను చూసినదాంట్లో ముందు మైదా, తర్వాత చక్కెర, పామాయిల్, ఆ తర్వాతెక్కడో రాగులు, అదీ 12 శాతం!

అదే పిండి పట్టించుకుంటే మొత్తం రాగులే, 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం. ఉండలు కడుతుందని టెన్షనా? ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ తిప్పండి. పది నిమిషాల్లో జావ రెడీ. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, చిటికెడు ఉప్పు.

పిల్లలు బిస్కెట్టే కావాలంటారు, మా ఇంట్లోనూ అదే గోల, అందుకే ప్రయాణాలకి మాత్రం ఒక ప్యాకెట్ కొంటాను. మిగతా రోజులు జావే.