జూమ్ లేని లెన్స్‌తో ఫొటోగ్రఫీ: కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం

కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ తర్వాత రెండోదిగా ఏది కొనాలని అడిగితే చాలామంది చెప్పే పేరు ఇదే. 2015లో విడుదలైన ఈ లెన్స్ బరువు సుమారు 160 గ్రాములు. 1990 నాటి పాత నమూనాలో ప్లాస్టిక్‌తో ఉన్న మౌంట్‌ను (కెమెరాకు బిగించే భాగాన్ని) ఇందులో లోహంతో చేశారు. అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) రేకులను 5 నుంచి 7కు పెంచడంతో నేపథ్యంలోని దీపాలు మరింత గుండ్రంగా వస్తాయి. తక్కువ ధర వల్లే దీనికింత పేరు వచ్చిందనుకుంటాను గాని, నేను దీన్ని సిఫార్సు చేసేది ఇందులో జూమ్ లేదన్న కారణానికే.

జూమ్ ఉంటే నిలుచున్న చోటి నుంచే రింగు తిప్పి ఫ్రేమును సర్దుకుంటాం. ఇక్కడ మనమే నడవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. ఉదాహరణకు లాడ్ బజార్‌లో లక్క గాజుకు రాళ్లు అద్దుతున్న చేతిని మీటరు దూరం నుంచి ఎఫ్/1.8 దగ్గర, అంటే అపర్చర్‌ను పూర్తిగా తెరిచి తీస్తే, ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాలో 3 సెంటీమీటర్ల లోపు మందమే స్పష్టంగా ఉంటుంది: వేలి కొన, దాని కింది రాయి పదునుగా వస్తాయి, మణికట్టు దగ్గరే మసక మొదలవుతుంది, వెనుక గాజుల వరుసలు రంగు మరకలైపోతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కాని అది ఎవరి చేయో, ఏ దుకాణమో తెలియదు. మరో మీటరు వెనక్కి జరిగి అపర్చర్‌ను ఎఫ్/5.6కు చిన్నది చేస్తే పనివారి ముఖమూ బొగ్గుల కుంపటీ కూడా ఫొటోలోకి వస్తాయి. అందుకు బదులుగా వెలుతురు దాదాపు పదో వంతుకు పడిపోతుంది కనుక ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచక తప్పదు. నాకైతే ఆ కాస్త గ్రెయిన్ (ఐఎస్ఓ పెంచితే కనిపించే చుక్కలు) ఉన్న రెండో ఫొటోయే నచ్చుతుంది.

ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాఁ తన లైకా కెమెరాకు ఎక్కువగా 50 ఎంఎం లెన్సే వాడారన్నది తెలిసిందే. అయితే ఆ దృశ్యపరిధి ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాలోనే వస్తుంది. ఏపీఎస్-సీలో ఇది 80 ఎంఎంలా, అంటే ఇంకా ఇరుకైన దృశ్యంతో పనిచేస్తుంది కాబట్టి, ఇంట్లో ఫంక్షన్‌కు పదిమందిని ఒక్క ఫ్రేములో పెట్టబోతే వీపు గోడకు తగులుతుంది.

ఇందులో ఇమేజ్ స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు, హుడ్ (పక్క నుంచి పడే వెలుతురును ఆపే తొడుగు) విడిగా కొనుక్కోవాలి, ఎఫ్/1.8 దగ్గర అంచులు కొంత మెత్తగా వస్తాయి. 35 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఫోకస్ కాదు కాబట్టి నగల క్లోజప్‌లకు పనికిరాదు. కెనాన్ ఆర్-సిరీస్ మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవారు దీన్ని బిగించడానికి అడాప్టర్ కొనే బదులు, 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకోవడం మేలు.