తైమూర్, తోఖ్తమిష్‌ల యుద్ధం వెంట: సమర్‌ఖండ్ నుంచి ఒత్రార్ దాకా

ఉజ్బెకిస్తాన్ వెళ్లే మనవాళ్లు చాలామంది తాష్కెంట్, సమర్‌ఖండ్, బుఖారా చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. మూడూ చూడదగ్గవే. కానీ తైమూర్‌కీ తోఖ్తమిష్‌కీ మధ్య యుద్ధం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే అవి చాలవు. తాష్కెంట్ నుంచి ఉత్తరానికి వెళ్లి, సరిహద్దు దాటి, కజకిస్తాన్‌లోని తుర్కిస్తాన్, ఒత్రార్, సౌరాన్ కూడా చూడాలి. మొన్న ఏప్రిల్‌లో నేనూ మా తమ్ముడూ ఆ దారినే వెళ్లాం. ఎక్కడ ఉండొచ్చు, దేనికి టైమ్ పెట్టొచ్చు, దేన్ని వదిలేయొచ్చు అన్నది మాకు తోచినట్టు రాస్తున్నాను.

మన చరిత్ర పాఠాల్లో తైమూర్ అంటే 1398లో ఢిల్లీని దోచుకున్నవాడు. అంతకుముందు పదేళ్లపాటు అతనికి కంటి మీద కునుకు లేకుండా చేసిన శత్రువు ఒకడున్నాడు. ఆ శత్రువును చేరదీసి సింహాసనం ఎక్కించింది తైమూరే. తోఖ్తమిష్ చెంగిజ్‌ఖాన్ పెద్దకొడుకు జోచీ వంశంవాడు. గడ్డిమైదానాలను ఏలుతున్న ఉరుస్ ఖాన్‌కు భయపడి 1376లో పారిపోయి తైమూర్ శరణు కోరాడు. తైమూర్ అతనికి సిర్ దర్యా నది ఒడ్డున ఒత్రార్, సౌరాన్ లాంటి పట్టణాలిచ్చి, సైన్యాన్నిచ్చి పంపాడు. ఉరుస్ కొడుకుల చేతిలో ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ సైన్యం, గుర్రాలు, డేరాలు ఇచ్చాడు. ఒకసారైతే చేతికి గాయంతో నది ఈది ఒడ్డు చేరిన తోఖ్తమిష్‌ను తైమూర్ మనుషులే వెతికి తీసుకొచ్చారని ఆనాటి చరిత్రకారులు రాశారు.

ఇదంతా జాలితో చేసింది కాదు. తైమూర్ చెంగిజ్ వంశంవాడు కాదు, కాబట్టి ఎంత గెలిచినా తనను ఖాన్ అని పిలిపించుకోలేదు. అమీర్‌గానే ఉండిపోయాడు. చెంగిజ్ వంశపు ఆడపడుచు సరాయ్ ముల్క్ ఖానుంను పెళ్లాడి ఆ ఇంటి అల్లుణ్ణని చెప్పుకున్నాడు. ఉత్తరాన గడ్డిమైదానాల గద్దె మీద తన చలవతో ఎక్కిన ఖాన్ ఉంటే అటునుంచి బెడద ఉండదని లెక్క వేసుకున్నాడు.

తాష్కెంట్‌తో మొదలుపెడతాను. ఊరి నడిబొడ్డున గుర్రం మీద తైమూర్ విగ్రహం, ఆ పక్కనే 1996లో తెరిచిన అమీర్ తైమూర్ మ్యూజియం ఉన్నాయి. నీలి గుమ్మటం కింద హాలు అందంగా ఉంది గానీ చూపించేదంతా విజయగాథే. తోఖ్తమిష్ సంగతి తెలుసుకోవాలని వెళ్తే నిరాశ తప్పదు. గంట చాలు. ఈ ఊరి నుంచే 1391 జనవరిలో తైమూర్ సైన్యం ఉత్తరానికి బయల్దేరిందని గుర్తుపెట్టుకుని చూస్తే మాత్రం ఆ చౌరస్తాకు వేరే అర్థం వస్తుంది. ఉండటానికి మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఏ మామూలు హోటలైనా సరిపోతుంది. మెట్రో శుభ్రంగా, చవగ్గా ఉంది. టాక్సీకి యాండెక్స్ యాప్ ఉంటే బేరాల టెన్షన్ లేదు.

సమర్‌ఖండ్‌కు అఫ్రాసియాబ్ హైస్పీడ్ రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టికెట్లు త్వరగా అయిపోతాయి. తేదీ ఖాయం కాగానే బుక్ చేసుకోండి. దొరక్కపోతే షర్క్ అనే మామూలు రైలు ఉంది. కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.

ఈ మొత్తం ప్రయాణంలో బస విషయంలో పూర్తి మార్కులు సమర్‌ఖండ్‌కే. తైమూర్ సమాధి ఉన్న గూర్-ఎ-అమీర్ వెనక పాత వీధుల్లో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. మధ్యలో పెరడు, అందులో పళ్లచెట్టు, చుట్టూ గదులు. తాష్కెంట్ హోటల్ రేటులో దాదాపు సగం. పొద్దున టిఫిన్‌కు రొట్టె, గుడ్లు, చెర్రీ జామ్, ఎండుద్రాక్ష, పెరుగు. మాంసం తిననివాళ్లు ఆ టిఫిన్ గట్టిగా తినేయడం మంచిది. మధ్యాహ్నం గుమ్మడికాయ సంసా (మన సమోసా లాంటిది), టమాటా ఉల్లిపాయ సలాడ్ తప్ప పెద్దగా దొరకవు. పలావ్‌లో మాంసం ఉండి తీరుతుంది. సమర్‌ఖండ్ వైద్య విశ్వవిద్యాలయంలో మన దేశపు విద్యార్థులు బాగా ఉండబట్టి ఇండియన్ హోటళ్లు వెలిశాయి. ఒకదాంట్లో పప్పన్నం తింటూ మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, పక్క టేబుల్ కుర్రాడు "అక్కా, ఎక్కడి నుంచి?" అని పలకరించాడు. మెడిసిన్ చదువుతున్నాడట. మా తర్వాతి మజిలీ అయిన షహ్రిసబ్జ్‌కు పెద్ద బస్సుల కోసం చూడొద్దని, కొండదారిలో షేర్ టాక్సీలే తిరుగుతాయని చెప్పింది అతనే. ఆ సలహా మాకు సగం రోజు మిగిల్చింది.

గూర్-ఎ-అమీర్‌లో తైమూర్ సమాధి మీద ముదురు ఆకుపచ్చ జేడ్ రాయి ఉంది. నిజానికి ఆ కట్టడం 1403లో చనిపోయిన మనవడు ముహమ్మద్ సుల్తాన్ కోసం మొదలైంది. తైమూర్ తనకోసం షహ్రిసబ్జ్‌లో వేరే సమాధి కట్టించుకున్నాడు. చలికాలంలో చనిపోవడంతో కొండదారి మూసుకుపోయి ఇక్కడే పెట్టారని చెబుతారు. సాయంత్రం దీపాలు వేశాక బయటి నుంచి ఒకసారి, పొద్దున తలుపులు తెరవగానే లోపల ఒకసారి చూడండి. మధ్యాహ్నం టూర్ బస్సులతో నిండిపోతుంది. బీబీ ఖానుం మసీదును 1399లో, ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక మొదలుపెట్టారు. మన దేశం నుంచి తోలుకెళ్లిన ఏనుగులతో దానికి రాళ్లు మోయించారు. అది తెలిసిన తెలుగువాళ్లెవరైనా ఆ గోడల కింద కాసేపు మౌనంగా నిలబడతారనే నా నమ్మకం.

షహ్రిసబ్జ్ తైమూర్ పుట్టిన సీమ. సమర్‌ఖండ్ నుంచి తఖ్తకరాచా కనుమ మీదుగా దాదాపు 90 కిలోమీటర్లు. దారి అద్భుతం, ఊరు మాత్రం మనసుకు కష్టంగా అనిపించింది. 1380లో మొదలుపెట్టిన అక్ సరాయ్ రాజభవనంలో మిగిలింది ముఖద్వారపు రెండు స్తంభాలే. విరిగిపోయినా సుమారు 38 మీటర్ల ఎత్తున నిలబడి ఉన్నాయి. నీలం, బంగారు రంగుల పనితనం చాలావరకు అము దర్యా నది దిగువన ఉన్న ఖ్వారెజ్మ్ సీమ నుంచి పట్టుకొచ్చిన కళాకారులది. దాని చుట్టూ ఉన్న పాత ఇళ్లను పడగొట్టి, బోసిగా ఉండే పెద్ద పార్కు వేశారు. అందుకే 2016లో యునెస్కో ఈ ఊరిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఎండలో ఆ పార్కులో నడవడం నరకం. ఇక్కడ రాత్రి ఉండాల్సిన పని లేదు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవచ్చు.

అయినా ఈ ఊరిని వదలకండి, ఎందుకంటే యుద్ధం తైమూర్ గడప దాకా వచ్చింది ఇక్కడే. తోఖ్తమిష్ 1380లో సేనాని మమాయ్‌ని ఓడించి, జోచీ వంశపు మంగోలు రాజ్యమైన గోల్డెన్ హోర్డ్‌కు ఏకైక పాలకుడయ్యాడు. 1382లో మాస్కోను తగలబెట్టాడు. అంత బలం వచ్చాక, అజర్‌బైజాన్ పచ్చికబయళ్లూ ఖ్వారెజ్మ్ వర్తక పట్టణాలూ జోచీ వంశపు ఆస్తి కదా, తైమూర్‌కెందుకు వదలాలన్న ప్రశ్న పుట్టింది. ముందు తబ్రీజ్‌ను దోచాడు. 1387లో తైమూర్ ఇరాన్‌లో ఉండగా తోఖ్తమిష్ సైన్యాలు బుఖారాను ముట్టడించి, ఈ ఊరికి నైరుతిన కర్షీ దగ్గరున్న జంజీర్ సరాయ్ భవనాన్ని కాల్చేశాయి. తైమూర్ తిరిగొచ్చి 1388లో ఖ్వారెజ్మ్ ముఖ్యపట్టణం ఉర్గెంచ్‌ను నేలమట్టం చేసి, ఊరున్న చోట బార్లీ విత్తించాడు. దెబ్బకు దెబ్బ అన్నమాట. కాకపోతే ప్రాణాలు పోయింది ఊళ్లో జనానికి. అక్ సరాయ్ పలకల నీలం ఎంత కళ్లు చెదిరేలా ఉన్నా, అది ఆ ఖ్వారెజ్మ్ చేతుల పని అన్న విషయం నా మనసులోంచి పోలేదు.

తిరిగి తాష్కెంట్ వచ్చి, అక్కడి నుంచి కజకిస్తాన్‌లోని షింకెంట్ వైపు సరిహద్దు దాటాలి. ఇక్కడ వీసా సంగతి జాగ్రత్త. మనకు కజకిస్తాన్‌లో ఒక్కసారికి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఉజ్బెకిస్తాన్‌కు ఈ-వీసా కావాలి, ఒక్క ప్రవేశానికి 20 డాలర్లు. మళ్లీ తాష్కెంట్ నుంచే ఇంటికి రావాలనుకుంటే రెండు ప్రవేశాల వీసా తీసుకోండి, లేదా అల్మాటీ నుంచి ఢిల్లీ విమానం పట్టుకోండి. సరిహద్దు దగ్గర క్యూ పెద్దది, తోపులాట ఎక్కువ. పెద్దవాళ్లతో వెళ్తే పొద్దున్నే చేరుకోవడం మేలు.

తుర్కిస్తాన్‌లో బస మాకు కలిసి రాలేదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టిన హోటల్ ఒకటి, గది లేదని చెప్పి లోపలి వీధిలో ఉన్న మరో చోటికి పంపింది. అక్కడ వేడినీళ్లు కూడా రాలేదు. కట్టిన డబ్బులో కొంతే వెనక్కొచ్చింది. 2018లో జిల్లా కేంద్రం లాంటి హోదా వచ్చాక ఊరంతా కొత్త కట్టడాలతో నిండింది. దర్గాకు దగ్గరలో ఉన్న కొత్త హోటళ్లు ఖరీదైనవే అయినా, ముందురోజు ఫోన్ చేసి గది ఖాయం చేసుకుని అక్కడే ఉండటం మంచిదని మా అభిప్రాయం.

సూఫీ గురువు ఖోజా అహ్మద్ యసావీ దర్గా చూశాక ఆ చిరాకంతా పోయింది. తైమూర్ ఆజ్ఞతో 14వ శతాబ్దం చివర్లో మొదలైన ఈ కట్టడం 1405లో అతను చనిపోగానే ఆగిపోయింది. ముందు వైపు గోడలో ఆనాటి పరంజా కర్రలు ఇప్పటికీ పొడుచుకొచ్చి కనిపిస్తాయి. వెనకవైపు పలకల పని పూర్తయి మెరిసిపోతుంటే, ముందువైపు ఉత్త ఇటుక. పెద్ద గుమ్మటం వ్యాసం 18.2 మీటర్లు. దాని కింద 1399లో పోత పోసిన రెండు టన్నుల కంచు గంగాళం ఉంది. దాన్ని 1935లో లెనిన్‌గ్రాడ్ తీసుకెళ్లి, 1989లో తిరిగిచ్చారు. తోఖ్తమిష్ సైన్యం పాత దర్గాను దోచినందుకే, అతన్ని ఓడించాక తైమూర్ దీన్ని కట్టించాడని అక్కడ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా చోటు చూడండి. ఇది రాజధానికి దూరంగా, గడ్డిమైదానం అంచున ఉంది. అక్కడి సంచార తెగలు గురువుగా కొలిచే యసావీకి ఇంత పెద్ద గుడారం లాంటి గుమ్మటం ఎత్తడమంటే ఆ తెగలతో నేరుగా మాట్లాడటమే. సమర్‌ఖండ్ కట్టడాలన్నిటికంటే ఇదే నాకు గొప్పదనిపించింది. లోపల ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి, తల కప్పుకుని వెళ్లండి.

సౌరాన్‌కు, ఒత్రార్‌కు బస్సులో వెళ్లడం కష్టం. రోజంతటికీ కారు మాట్లాడుకోవాలి. మాకు దొరికిన డ్రైవర్ సౌరాన్ చూపించాక ఒత్రార్‌కు ముందు చెప్పినదానికంటే ఎక్కువ అడిగాడు. అందుకని రెండు చోట్ల పేర్లూ, మొత్తం ధరా ఫోన్‌లో టైప్ చేసి చూపించి ఒప్పించుకోండి. రెండూ తుర్కిస్తాన్‌కు చెరో దిక్కున ఉంటాయి.

సౌరాన్‌లో మట్టి కోటగోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. టికెట్ కౌంటర్ లేదు, నీడ లేదు, టీ కొట్టు లేదు. శరణార్థిగా వచ్చిన తోఖ్తమిష్ చేతికి తైమూర్ ఇచ్చిన పట్టణాల్లో ఇదొకటి. ఇంకో సంగతి మాకు గుండెలో గుచ్చుకుంది. 16వ శతాబ్దంలో ఈ ఊరికి నీళ్ల కోసం భూగర్భ కాలువలు తవ్వింది 200 మంది హిందుస్థానీ బానిసలని ఆ కాలపు రచయిత ఒకరు రాసిపెట్టారు.

ఒత్రార్ అంటే మైదానం మీద పెద్ద మట్టిదిబ్బ. తవ్వకాల్లో తేలిన వీధులు, స్నానశాలలు, తైమూర్ కాలపు మసీదు పునాదులు కనిపిస్తాయి. 1218లో చెంగిజ్‌ఖాన్ పంపిన వర్తకులను ఇక్కడి అధికారి చంపించడంతోనే మంగోలు దండయాత్ర మొదలైంది. మన కథ ముగిసిందీ ఇక్కడే. అంతకుముందు 1391 జూన్ 18న ఇప్పటి రష్యాలోని కొందుర్చా నది దగ్గర, 1395 ఏప్రిల్‌లో కాకసస్‌లోని తెరెక్ నది దగ్గర తైమూర్ తోఖ్తమిష్‌ను ఓడించాడు. 1391 దండయాత్రలో తైమూర్ సైన్యం నెలల తరబడి శత్రువు కనపడకుండా నడిచింది. తిండికి కరువొస్తే వేటాడి కడుపు నింపుకుంది. తెరెక్ తర్వాత సరాయ్, అస్త్రాఖాన్ పట్టణాలు కాలిపోయాయి. ఉత్తరపు వర్తకమార్గం దెబ్బతింది, గోల్డెన్ హోర్డ్ మళ్లీ కోలుకోలేదు. పదేళ్లు గడిచాక, చైనా మీదికి బయల్దేరిన తైమూర్ గడ్డకట్టిన సిర్ దర్యా దాటి ఒత్రార్‌లో ఆగినప్పుడు తోఖ్తమిష్ దూత వచ్చాడు. క్షమించమన్నాడు. తైమూర్ మర్యాదగా విని, చైనా నుంచి తిరిగొచ్చాక మళ్లీ రాజ్యం ఇప్పిస్తానని మాటిచ్చాడు. 1405 ఫిబ్రవరిలో ఈ దిబ్బ మీదే చనిపోయాడు. తోఖ్తమిష్‌ను ఆ మరుసటేడాది ప్రాంతంలో సైబీరియాలో చంపేశారు.

ఇంత రక్తం పారించాక ఆ క్షమాపణ, ఆ మాట ఎంత నిజమో నాకు ఇప్పటికీ తేలలేదు. తమ్ముడు మాత్రం "ముసలాయనకు ఉత్తరాన మళ్లీ ఒక మనిషి కావాలి, అంతే అక్కా" అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు చివరగా రెండు మాటలు. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్, అక్టోబర్ నెలలే బాగుంటాయి, అక్కడి ఎండాకాలంలో (జూన్ నుంచి ఆగస్టు దాకా) సౌరాన్‌లో నిలబడలేరు. టైమ్ తక్కువైతే తాష్కెంట్ మ్యూజియం, షహ్రిసబ్జ్ పార్కు తగ్గించుకోండి, తుర్కిస్తాన్‌లో ఇంకో రాత్రి పెంచుకోండి. ఒత్రార్‌కు దగ్గర్లోనే, యసావీకి గురువని చెప్పుకునే అరిస్తాన్ బాబ్ దర్గా ఉంది. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత యసావీ దగ్గరికి వెళ్లడం స్థానికుల ఆనవాయితీ. అక్కడ నీళ్లు, రొట్టె, టీ దొరుకుతాయి కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్కడికి పెట్టుకోవడం సుఖం.