137 పీసుల ఫిషింగ్ బ్యాగు కొనబోతున్నారా? ఆగండి, ముందు నా కథ వినండి

గాలం సరదా ఉన్న అన్నలకీ తమ్ముళ్లకీ ముందే చెప్పేస్తున్నా. ఆన్‌లైన్‌లో "137 పీసుల ఆల్ ఇన్ వన్ ఫిషింగ్ బ్యాగు" అని నల్లరంగులో, ముందు రెండు జేబులు, పక్కన రాడ్ దూర్చుకునే పట్టీ, లోపల నాలుగు పారదర్శక డబ్బాలతో ఒకటి కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. నేను పోయాను. బ్యాగుకి 3,499 రూపాయలు, అది పాడుచేసిన లూర్లకి (చేపని మోసం చేసే నకిలీ ఎరలు) ఇంకో రెండు వేల దాకా, అన్నిటికీ మించి మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున గంటా నలభై నిమిషాలు పోయాయి. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ గంటా నలభై నిమిషాల బాధ కొర్రమీను కోసం నిద్ర మానుకుని పోయేవాడికే తెలుస్తుంది.

అసలు ఎందుకు కొన్నానంటే, ఇన్నాళ్లూ నా సామానంతా మా ఇంటి పాత పోపుల డబ్బాలో ఉండేది. నవ్వకండి. స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు, ఒకదాంట్లో సీసం గుండ్లు, ఒకదాంట్లో స్వివెళ్లు (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్కలు), ఒకదాంట్లో చిన్న గాలాలు, ఒకదాంట్లో పెద్దవి, పైన లోపలి మూత నొక్కితే ఒక్కటి కూడా పక్క గిన్నెలోకి దూకదు. కప్ప ఆకారంలో ఉండే మెత్తటి లూర్లు మాత్రం వాటి వాటి కవర్లలోనే ఒక గుడ్డ సంచిలో పడేసేవాణ్ని. చూడ్డానికి అధ్వాన్నంగా ఉండేది కానీ ఏది ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీసేవాణ్ని. మా ఆవిడ మాత్రం "నా డబ్బా నాకివ్వండి, చేపల సామానుకి ఒక సంచి కొనుక్కోలేరా" అని రెండేళ్లుగా పోరు. ఏప్రిల్‌లో సేల్ వచ్చింది, 7,999 కొట్టేసి 3,499 అని కనపడింది, కొనేశాను.

మాది హైదరాబాద్‌లో ఎల్బీ నగర్. నేనూ, మా బావమరిదీ నెలకి రెండు ఆదివారాలు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి ఇబ్రహీంపట్నం, మాల్ అనే ఊరు, మల్లేపల్లి మీదుగా దేవరకొండ అవతల ఒక చెరువుకి పోతాం. చెరువు పేరు అడక్కండి, చెబితే వచ్చే ఆదివారానికి అక్కడ పెళ్లిజనం ఉంటారు. (చెరువు మత్స్యకారుల సొసైటీది, వాళ్లని అడిగే వేస్తాం, మీరు ఎక్కడ వేసినా అడిగే వెయ్యండి.) కొర్రమీను నీళ్ల పైన కప్పని కొట్టేది తెల్లారేటప్పుడే బాగా, ఎండ ఎక్కిందంటే నాచు కిందకి పోయి కూర్చుంటుంది, మీరెంత ఆడించినా పట్టించుకోదు. అంటే ఐదున్నర నుంచి ఎనిమిదీ ఎనిమిదిన్నర దాకా, గట్టిగా మూడు గంటలే మన పని. ఆ మూడు గంటల్లో ముడి వేసుకోవడానికి పది నిమిషాలు, స్వివెల్ వెతకడానికి పది నిమిషాలు, కత్తెర ఎక్కడుందిరా అని ఐదు నిమిషాలు పోతే ఇంక చేపలు పట్టేదెప్పుడు? అందుకే సర్దుకోవడం మీద నాకు ఇంత పట్టింపు.

బ్యాగు రాగానే ఆ రాత్రే కూర్చుని అంతా సర్దాను. అప్పుడే మొదటి అనుమానం రావాల్సింది. పేజీలో "3600 సైజు డబ్బాలు నాలుగు పడతాయి" అని రాశారు. 3600 అనేది గాలం సామాను డబ్బాలు చేసే ప్లానో కంపెనీ వాళ్ల సైజు, దాదాపు 11 అంగుళాల పొడవు, 7 చిల్లర వెడల్పు, మందం రెండంగుళాలకి కొంచెం తక్కువ, ఇప్పుడు అందరూ అదే లెక్క వాడుతున్నారు. నా దగ్గర అసలైన 3600 డబ్బాలు రెండు ఉంటే పెట్టి చూశాను, రెండు పెట్టేసరికి జిప్పు పడనంది. వాళ్లు ఇచ్చిన నాలుగు డబ్బాలు అంతకంటే చిన్నవి, పల్చటివి, వేలితో నొక్కితే టకటకమంటున్నాయి. సరేలే, వచ్చినవాటితో సర్దుకుందాం అనుకుని కప్పలన్నిటినీ కవర్లలోంచి తీసి గడికొకటి చొప్పున పెట్టాను. తొమ్మిది కప్పలు, రెండు ప్యాకెట్ల రబ్బరు చేపలు. ఫొటో తీసి బావమరిదికి పంపాను కూడా, షోరూమ్‌లా ఉందిరా అని. తర్వాత బ్యాగు కారు డిక్కీలో పెట్టాను. ఆఫీసులో పార్కింగ్ ఎండలోనే. మే నెల. మూడు వారాలు.

చెరువు దగ్గర టార్చి వేసి డబ్బా మూత తీయబోతే రాలేదు. కత్తి మొనతో లేపితే తీగలు తీగలుగా సాగుతూ లేచింది, పనసపండు కోసినప్పుడు చేతికి అంటుకునే జిగురు ఉంటుందే, అచ్చం అలా. కప్పల పొట్టలు గడి అడుగుకి అతుక్కుపోయాయి, కాళ్లకుండే రబ్బరు కుచ్చులు కరిగి ఒక ముద్దయ్యాయి, పచ్చ కప్ప రంగు తెల్ల కప్పకి ఎక్కింది, డబ్బా ప్లాస్టిక్ కూడా గుంటలు పడి చప్పబడింది. రబ్బరు చేపలైతే ఏది తలో ఏది తోకో తెలీకుండా ఒకే ముద్ద. ఒక్కొక్కటీ గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, పనికొచ్చేవి ఏరేసరికి ఏడూ పది దాటింది. తొమ్మిదిట్లో నాలుగు మిగిలాయి. ఈలోపు బావమరిది గుడ్డ సంచిలోంచి తీసిన ఒకే ఒక్క కప్పతో రెండు కొర్రమీన్లు లాగాడు, లాగిన ప్రతిసారీ "బావా, షోరూమ్ తెరిచారా?" అని అరుపు.

ఇంటికొచ్చాక ఇదేంటా అని చదివితే తెలిసింది, ఇది ఎండ ఒక్కదాని తప్పు కాదు. మెత్తటి లూర్లు చాలావరకు పీవీసీతో చేస్తారు, దాన్ని మెత్తగా ఉంచడానికి ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది మెల్లగా బయటికి చెమ్మగిల్లుతూ ఉంటుంది. పాలీస్టైరీన్ లాంటి గట్టి, పెళుసు ప్లాస్టిక్‌కి తగిలితే ఆ ప్లాస్టిక్‌నే మెత్తబరుస్తుంది, రెండూ అతుక్కుంటాయి. వేడి దాన్ని తొందరపెడుతుంది అంతే. పాలీప్రొపిలీన్ డబ్బా అయితే ఈ గొడవ ఉండదు, మంచి కంపెనీలు లూర్ల డబ్బాలు దాంతోనే చేస్తాయి. ఎలా తెలుస్తుందంటే డబ్బా అడుగున చిన్న త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, 5 ఉంటే పాలీప్రొపిలీన్, 6 ఉంటే పాలీస్టైరీన్. నా దాని అడుగున అసలు త్రికోణమే లేదు, నున్నగా ఉంది. అంకె లేని డబ్బాలో మెత్తటి లూరు పెట్టకండి, పెట్టాల్సి వస్తే దాని కవరుతోనే పెట్టండి. ఇంకో మాట, బాగా సాగే టీపీఈ (రబ్బరులాంటి ఒక ప్లాస్టిక్) రకం లూర్లు ఈమధ్య వస్తున్నాయి కదా, వాటిని మామూలు పీవీసీ లూర్లతో ఒకే గడిలో కలిపినా కరుగుతాయి, అప్పుడు తప్పు డబ్బాది కాదు, మనదే.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. మిగిలిన నాలుగు కప్పలతో ఇంకో గట్టుకి పోదామని సొసైటీ ఆయన పుట్టి ఎక్కాం. పుట్టి అడుగున ఎప్పుడూ రెండు వేళ్ల నీళ్లు ఉంటాయని తెలిసిందే. బ్యాగు వాటర్‌ప్రూఫ్ కదా అని ధైర్యంగా కింద పెట్టాను. అరగంటలో లోపలి పట్టకారు, కత్తెర, స్పిన్నర్లు (నీళ్లలో తిరుగుతూ మెరిసే రేకు లూర్లు) అన్నీ స్నానం చేశాయి. తర్వాత గుడ్డ తిరగేసి చూస్తే గుడ్డ మంచిదే, పూత ఉంది, కానీ అడుగు కుట్టు వేశారు, సూది గుచ్చిన ప్రతి రంధ్రంలోంచీ నీళ్లు. నిజంగా నీళ్లు ఆపాల్సిన బ్యాగుకి అడుగు అతుకు వేడితో కరిగించి అతికిస్తారు, లేదంటే కుట్టు మీద లోపల టేపు వేస్తారు. దీనికి రెండూ లేవు. అలసిపోయి ఆ రాత్రి తెరవలేదు, మంగళవారం తీసేసరికి స్పిన్నర్లకుండే మూడు కొనల ట్రెబుల్ గాలాలన్నిటికీ తుప్పు. తడిసిన గాలం ఒక్కటి మూసిన డబ్బాలో ఉన్నా చాలు, పక్కవాటికి కూడా అంటిస్తుంది. రాడ్ పట్టీ సంగతి ఒక్క ముక్కలో, మొదటి రోజే బకిల్ విరిగింది.

ఆ 137 పీసుల్లో ఏముందని అడుగుతారేమో. యాభై దాకా సీసం గుండ్లు, రబ్బరు పూసలు ఒక గుప్పెడు, ఆవగింజంత స్వివెళ్లు, పరిగెలకి తప్ప దేనికీ పనికిరాని గాలాలు. వాటిలోదే కొంచెం పెద్ద గాలం ఒకటి జెల్ల కోసం అడుగు గాలంగా వేస్తే, చేప లాగగానే గాలం తిన్నగా సూదిలా అయి చేతికొచ్చింది. లెక్క పెంచడానికి పోసిన చెత్త. పీసుల లెక్క ఎంత పెద్దగా ఉంటే అంత అనుమానించండి.

ఇక డబ్బు వెనక్కి అడిగిన కథ. ఏడు రోజుల రిటర్ను గడువు అయిపోయిందన్నారు. నేను మూడు వారాల ముందే కొని డిక్కీలో పెట్టుకోవడం నా తెలివితక్కువతనం, ఒప్పుకుంటాను. చాట్‌లో మొదట మర మనిషి, తర్వాత మనిషి, ఇద్దరూ ఒకటే పాట: వాడిన వస్తువు తీసుకోం, ప్యాకెట్ విప్పినప్పుడు తీసిన వీడియో ఉందా? వీడియో ఎవరు తీస్తారండీ సంచికి. రెండు రోజులు వాదించి, ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనలు తీసి చదివాను. వస్తువు లోపంతో ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ వీల్లేదని అందులో స్పష్టంగా ఉంది. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ ఆఫీసరు వివరాలు యాప్‌లో అట్టడుగున ఎక్కడో ఉంటాయి, ఓపిగ్గా వెతికి "వాటర్‌ప్రూఫ్ అన్నారు, నీళ్లు కారుతోంది, 3600 డబ్బాలు నాలుగు అన్నారు, రెండు పట్టవు" అని టేపుతో కొలిచిన ఫొటోలు, పేజీ స్క్రీన్‌షాట్లు పెట్టి రాశాను. అదే రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పంతొమ్మిదో రోజు 3,499 వెనక్కొచ్చింది. లూర్ల డబ్బు రాలేదు, దానికి వినియోగదారుల కమిషన్‌కి పోవాలట, రెండు వేల కోసం అంత ఓపిక నాకు లేదు. కరిగింది అని కాక, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అని రాయడమే పనిచేసిందని నా నమ్మకం. కరిగిందంటే ఎండలో మీరే పెట్టారంటారు, అది నిజం కూడా.

కాబట్టి ఎవరైనా ఇలాంటిది కొనే ఆలోచనలో ఉంటే, పేజీలో సెంటీమీటర్లు చూడండి, "32 లీటర్లు" అని మాత్రమే ఉంటే వదిలేయండి. ఏ దేశంలో తయారైంది, దిగుమతి చేసిందెవరు అన్నచోట ఖాళీగానో "సాధారణం" అనో ఉందా చూడండి, నా దానికి అలాగే ఉంది, నేను చూడలేదు. ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టండి, అదే బ్యాగు నాలుగు పేర్లతో నాలుగు ధరలకి వస్తే సంగతి అర్థమవుతుంది. పేజీని కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత మాటలు మారుస్తారు. ఇంటికి రాగానే బాత్రూమ్‌లో ఒక పెద్ద పళ్లెంలో రెండు వేళ్ల నీళ్లు పోసి, బ్యాగులో పాత పేపర్లు కుక్కి అరగంట కూర్చోబెట్టండి, పేపరు తడిస్తే అదే రోజు వెనక్కి పంపండి. నాకు అరగంట పని అది, చెయ్యలేదు.

సామాను సర్దడానికి నేనిప్పుడు ఏం చేస్తున్నానని బావమరిది స్నేహితులు అడిగారు. శనివారం రాత్రి టీవీ ముందు కూర్చుని ఆరు లీడర్లు (గాలం కట్టే చివరి దారం ముక్కలు) ముడి వేసి, పాత హవాయి చెప్పు కోసిన ముక్కకి చుట్టి, గాలాలు దాంట్లోనే గుచ్చేస్తాను. చెరువు దగ్గర ముడులు వేసే పనే లేదు. అడుగున 5 అంకె ఉన్న డబ్బాలు రెండు విడిగా కొన్నాను, ఒకటి కొర్రమీనుకి, ఒకటి జెల్లకీ బొచ్చెకీ. గట్టు మీదకి ఆ రోజు వేసే చేప డబ్బా ఒక్కటే పోతుంది, రెండోది కారులో. తడిసిన లూరు డబ్బాలోకి పోదు, బయట చిన్న డబ్బాలో వేసి ఇంటికొచ్చాక ఆరబెట్టాకే దాని గడిలోకి. చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ సిలికా జెల్ పొట్లాలు పారేయకండి, డబ్బాకొకటి పడేయండి. గుండ్లూ స్వివెళ్లూ మళ్లీ పోపుల డబ్బాలోకే వెళ్లాయి, మా ఆవిడ కొత్తది కొనుక్కుంది, 850 రూపాయలు, అది కూడా ఈ బ్యాగు ఖాతాలోనే రాసుకున్నాను.

నిన్న రాత్రి ఊరికే వెతికితే అదే బ్యాగు మళ్లీ కనపడింది. అవే ఫొటోలు, రంగు ఆలివ్ ఆకుపచ్చ చేశారు, పేరు మార్చారు, ఈసారి 168 పీసులు, ధర 2,899. కింద నాలుగు వందల చిల్లర రివ్యూలు, అన్నీ ఐదు నక్షత్రాలే.